ఆరు మూలల నట్టు

'గ్రాండ్ తెఫ్ట్ ఆటో: శాన్ ఆండ్రియాస్' ఆడినవాళ్లకు 'టఫ్ నట్ డోనట్స్' కొట్టు గుర్తుండే ఉంటుంది. డోనట్ బొమ్మ పెట్టాల్సిన చోట పెద్ద ఇనప నట్టు, బోల్టుకు బిగించేది, ఆరు మూలలతో నిలబడి ఉంటుంది. 2004లో ఎవరో చిత్రకారుడు నవ్వుకుంటూ చేసిన చిన్న కొంటెపని. 2021 నవంబరులో ఆ ఆటనే, ఇంకో రెండు పాత 'గ్రాండ్ తెఫ్ట్ ఆటో'లతో కలిపి, 'డెఫినిటివ్ ఎడిషన్' పేరుతో తళతళలాడించి మళ్లీ అమ్మారు. అందులో ఆ నట్టు గుండ్రంగా తయారైంది. మూలలు కనబడితే బొమ్మ పాతదనిపిస్తుంది కాబట్టి మూలలన్నీ నున్నగా చెయ్యమని యంత్రానికి చెప్పి ఉంటారు. అది చెప్పిన పని చేసింది. నట్టుకు మూలలుండాలని దానికేం తెలుసు? తెలిసిన మనిషి ఆ వీధిలోకి వచ్చి చూడలేదు.

హై ఎండ్ గ్రాఫిక్స్ వల్ల ఆట బాగుపడుతుందా, పాడవుతుందా అని ఎవరడిగినా నేను ఈ నట్టు సంగతే చెబుతాను. మాడ్ల గురించి, అంటే అమ్మిన ఆటను ఆడేవాళ్లే విప్పి చేసుకున్న మార్పుల గురించి, అడిగితే మాత్రం ఇంత పొట్టిగా వదలను.

నేను నిష్పక్షపాతిని కాదని ముందే ఒప్పుకుంటున్నాను. నాది మాడర్ల పార్టీ. ఇరవై ఏళ్ల కిందట గుంటూరు అరండల్‌పేటలో ఒక నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి, ఎనిమిది కంప్యూటర్లు లాన్‌లో కలిపి 'కౌంటర్ స్ట్రైక్' ఆడేవాళ్లం. మానిటర్లు గోనెసంచి అంత లావు. గ్రాఫిక్స్ కార్డన్న మాట మా చెవిన పడలేదు. 'డస్ట్ 2' మ్యాపులో ఏ తలుపు వెనక ఎవడు నక్కుతాడో మా ఇంటి గదులకన్నా బాగా తెలుసు. ఆ మ్యాపు చేసినవాడు డేవ్ జాన్‌స్టన్ అనే ఇంగ్లండు కుర్రాడు. చేసింది 2001లో, ఏ కంపెనీ కొలువులోనూ లేకుండా. అసలు కౌంటర్ స్ట్రైకే ఇంకో ఆట మీద ఇద్దరు కుర్రాళ్లు కట్టిన మాడ్ అని చాలా ఏళ్ల తర్వాతగాని నాకు తెలియలేదు.

ఆ డస్ట్ 2 పనితనం చూడండి. రెండు జట్లూ పరుగెత్తుకొస్తే నడిమి తలుపుల దగ్గర దాదాపు ఒకే క్షణానికి ఎదురుపడేలా దూరాలు కొలిచి పెట్టాడు. గోడలన్నీ ఎండిన ఇసుక రంగు. అలంకారం దాదాపు శూన్యం. అందుకే ఎంత దూరాన మనిషి కదిలినా కంటికి తగులుతాడు. ఒక మూల నుంచి చూస్తే ఇంకో మూల ఎంతవరకు కనబడాలో అంతవరకే కనబడుతుంది. అడుగు ముందుకేస్తే ఇంకొంచెం తెరుచుకుంటుంది, మీరూ ఇంకొంచెం బయటపడతారు. ఇదంతా గోడలతో చేసిన లెక్క. ఆట పేరు మారింది, ఇంజిన్లు మారాయి, గోడలకు కొత్త సున్నం పడింది. ఆ కొలతల జోలికి మాత్రం పెద్దగా ఎవరూ పోలేదు. పోనివ్వరు కూడా.

మాడ్ల చరిత్ర గబగబా చెప్పేస్తాను. 1993 డిసెంబరులో వచ్చిన 'డూమ్'తోనే ఈ కథ ఊపందుకుంది. దాన్ని రాసిన జాన్ కార్మాక్ ఆటను నడిపే ప్రోగ్రామును ఒక పక్కన పెట్టి, బొమ్మలు, చప్పుళ్లు, మ్యాపులన్నిటినీ 'వ్యాడ్' అనే వేరే ఫైల్లో పెట్టాడు. అంతకుముందు తమ ఆటను జనం ఎలాగో విప్పి మార్చుకోవడం చూసి ముచ్చటపడి, ఈసారి తాళం వెయ్యకుండా వదిలారని చెబుతారు. తలుపు తీసి ఉంటే జనం ఆగుతారా? 1996లో ముగ్గురు ఆస్ట్రేలియా కుర్రాళ్లు 'క్వేక్' మీద 'టీమ్ ఫోర్ట్రెస్' కట్టారు. 1999లో మిన్ లీ, జెస్ క్లిఫ్ కలిసి 'హాఫ్ లైఫ్' మీద కౌంటర్ స్ట్రైక్ చేశారు. మరుసటి ఏడు వాల్వ్ కంపెనీ దాన్ని కొని డబ్బాలో పెట్టి అమ్మింది. 'వార్‌క్రాఫ్ట్ 3' మీద పుట్టిన 'డోటా' నుంచి ఒక కొత్త జాతి ఆటలే వచ్చాయి. మన ఇళ్లల్లో అమ్మలు గరిటె ఎత్తి "ఆ పబ్జీ కట్టేసి అన్నానికి రారా" అని అరిచారే, ఆ పబ్జీకీ తాతముత్తాతలు మాడ్లే. 'ఆర్మా 2' అనే సైనిక ఆట మీద డీన్ హాల్ 2012లో 'డేజెడ్' చేశాడు. ఆ తోవలోనే బ్రెండన్ గ్రీన్ తన 'బ్యాటిల్ రాయల్' మాడ్లు చేసుకున్నాడు. 2017లో అది పబ్జీ అయింది. 2020 సెప్టెంబరులో మన దేశంలో నిషేధించిన ఆటకు మూలపురుషుడు ఇంట్లో కూచుని సరదాకు మాడ్ రాసుకున్న ఒక మనిషి!

సరే, పనిలోకి వద్దాం. మాడ్ చెయ్యడమంటే పాతదాని మీద కొత్త రంగు పుయ్యడమని చాలామంది అనుకుంటారు. నాకు తెలిసినంతలో గొప్ప మాడర్లంతా ముందు చేసే పని చదవడం. ఆట ఎందుకలా ఉంది? ఆ గోడ అక్కడే ఎందుకుంది? ఆ మంచు ఎందుకు కమ్ముకుంది?

మంచు మాట వచ్చింది కాబట్టి కాసేపు అక్కడే ఆగుతాను. శాన్ ఆండ్రియాస్ పుట్టింది ప్లేస్టేషన్ 2 మీద. దాని ప్రధాన మెమొరీ 32 మెగాబైట్లు. మీ ఫోన్లో పెళ్లి వీడియో ముక్క ఒక్కటి అందులో పట్టదు. అంత చిన్న గిన్నెలో మూడు నగరాలు, వాటి మధ్య అడవులు, ఎడారి, ఒక పెద్ద కొండ వండి పెట్టారు. మొత్తం ఒకేసారి పట్టదు కాబట్టి మీ దగ్గరున్నదే వడ్డిస్తూ, దూరంగా ఉన్నదాన్ని నారింజరంగు పొగలో దాచారు. అది ఇబ్బందిలోంచి పుట్టిన ఉపాయం. ఆ ఉపాయాన్నే కళగా మలిచారు. ఆ పొగ వల్లే నగరానికి లాస్ ఏంజలిస్ ఎండ వచ్చింది. ఆ పొగ వల్లే పక్క ఊరు ఎక్కడో దూరదేశంలా అనిపించింది. కొత్త ఎడిషన్‌లో కంప్యూటర్లకు బలముంది కదా అని పొగ తీసేశారు. చిలియడ్ కొండ ఎక్కి చూస్తే మూడు నగరాలూ అరచేతిలో పెట్టిన బొమ్మల కొలువులా కనబడ్డాయి. ఇంత చిన్న చోటా మనం అన్ని నెలలు తిరిగింది అనిపించింది. తోలుబొమ్మలాటలో తెర ఊడదీసి, దీపాన్నీ కర్రలనూ చూపించి, "ఇప్పుడు బాగా కనబడుతోందా?" అని అడిగినట్టుంది. వానేమో ముఖం మీద తెల్లటి దారాలు వేలాడినట్టు. కొట్ల బోర్డుల మీద అక్షరాలు తప్పులు. వారం దాటగానే, నవంబరు 19న, ఆట చేసిన రాక్‌స్టార్ కంపెనీయే క్షమాపణ చెప్పుకుంది. మూడేళ్లకు 2024 నవంబరులో పాత వెలుతురును తలపించే 'క్లాసిక్ లైటింగ్' తెచ్చి పెట్టారు. అదే పొగను, అదే ఎండను మాడర్లు అంతకు చాలా ముందే పైసా తీసుకోకుండా తిరిగి తెచ్చిపెట్టారు.

ఇంకా బాధ కలిగించే సంగతి ఏమిటంటే, అదే 2021లో ఆ ఆటల పాత మాడ్లను తీసెయ్యమని రాక్‌స్టార్ యజమాని కంపెనీ లీగల్ నోటీసులు పంపింది. కాపాడుకుంటూ వచ్చినవాళ్లకు నోటీసులు, నట్టు అరగదీసినవాళ్లకు కాంట్రాక్టు.

ఇలాంటిదే 'సైలెంట్ హిల్'. 1999లో మొదటి ఆటలో మంచు పెట్టిందే యంత్రానికి దూరపు వీధులు చూపించే సత్తువ లేక. కాని భయమంతా ఆ మంచులోనే ఉంది. రెండు గజాల అవతల ఏముందో తెలియక, రేడియో గరగరమంటే కాళ్లు వణికాయి. 2012లో దాని రెండో భాగాన్ని హెచ్‌డీ పేరుతో మళ్లీ విడుదల చేస్తే మంచు పలచబడింది, అందులో దాగాల్సినవి బయటపడ్డాయి, ఒక బోర్డు మీద అక్షరాలు చిన్నపిల్లల పుట్టినరోజు కార్డు మీద రాతలా మారాయి. పూర్తయిన అసలు కోడ్ దొరక్క అసంపూర్ణమైన దానితో పనిచేశారట. ఆ తర్వాత అభిమానులు 'ఎన్‌హాన్స్‌డ్ ఎడిషన్' పేరుతో పాత పీసీ ఆటను పట్టుకుని మంచు, చప్పుళ్లు, నీడలు ఒక్కొక్కటే కుదుర్చుతూ వచ్చారు. దాన్ని ఆడి చూడండి. పెద్ద తెర మీద స్పష్టంగా ఉంటుంది, భయమూ అలాగే ఉంటుంది. రెండూ కలిసి ఉండవన్నవాళ్లకు అదే జవాబు.

ఇది మనకు తెలియని వాదమేమీ కాదు. 1957 నాటి 'మాయాబజార్'కు 2010లో రంగులద్ది విడుదల చేసినప్పుడు ఇంటింటా ఇదే తగువు. మార్కస్ బార్ట్‌లీ నలుపు తెలుపుల్లో ఆ పడవ పాటకు వెన్నెల పుట్టించాడు. వెన్నెలకు రంగెందుకని మా నాన్న. రంగుల్లో అయితేనే మా పిల్లలు కూచుని చూశారని మా అక్క. నేను నాన్న వైపు. అయితే ఒక్క తేడా ఉంది. పాత మాయాబజార్‌ను అంగట్లోంచి ఎవరూ తీసెయ్యలేదు. డెఫినిటివ్ ఎడిషన్ వస్తున్నప్పుడు పాత మూడు ఆటలనూ ఆన్‌లైన్ దుకాణాల్లోంచి తీసేశారు. జనం తిట్టిపోశాక పీసీ మీద మళ్లీ పెట్టారు.

మళ్లీ పనివాళ్ల దగ్గరికి వస్తాను. వాళ్ల గురించి చెప్పకుండా ఉండలేను.

2012లో 'డార్క్ సోల్స్' పీసీకి వచ్చింది. ఎంత పెద్ద తెర కొనుక్కున్నా లోపల బొమ్మను 720 గీతలకు మించి గీయదు, దాన్నే సాగదీసి చూపిస్తుంది. పీటర్ తోమన్ అనే ఆస్ట్రియా కంప్యూటర్ పరిశోధకుడు, 'డురాంటే' పేరుతో, ఆట విడుదలైన రోజే మందు తయారు చేసి పంచాడు. ఎలా చేశాడో వింటే ముచ్చటేస్తుంది. ఆట తనకు కావలసిన బొమ్మలు గీయమని విండోస్‌లోని ఒక ఫైలును అడుగుతుంది. డురాంటే అదే పేరుతో తన ఫైలొకటి ఆట ఫోల్డర్లో పెట్టాడు. ఆట పాపం అసలు మనిషే అనుకుని "720 లెక్కన గియ్యి" అంటుంది. నడుమ కూచున్నవాడు ఆ మాట విని, "1080 లెక్కన గియ్యమంటున్నాడు" అని లోపలికి చెబుతాడు. పెళ్లిళ్ల పేరయ్య తెలివి! ఆట కోడ్‌లో ఒక్క అక్షరం చెరపలేదు. రంగులు మార్చలేదు, చీకటి తగ్గించలేదు. కళాకారులు వేసిన బొమ్మను వాళ్లు వేసినట్టే చూపించాడు, అంతే. హై ఎండ్ గ్రాఫిక్స్ అంటే నాకు ఇదీ.

ఇంకొకాయన వెర్నర్ స్పాల్. జర్మనీలో రసాయన శాస్త్రజ్ఞుడు. 2004 నవంబరులో 'వాంపైర్: ద మాస్కరేడ్ – బ్లడ్‌లైన్స్' అనే అద్భుతమైన ఆట సగం ఉడికి బయటికొచ్చింది, అదీ 'హాఫ్ లైఫ్ 2' విడుదలైన రోజునే. ఎవరు పట్టించుకుంటారు? కొన్ని నెలలకే దాన్ని చేసిన ట్రోయికా కంపెనీ మూతపడింది. అనాథ ఆట. స్పాల్ దాన్ని దగ్గరికి తీసుకున్నాడు. ఒక ఏడు కాదు, రెండేళ్లు కాదు, దశాబ్దం దాటి ప్యాచ్ మీద ప్యాచ్ తెస్తూ వచ్చాడు. ఆయన మీద నా గౌరవానికి అసలు కారణం ఇంకోటుంది. ఆ ప్యాచ్ రెండు రకాలుగా ఉంటుంది. 'బేసిక్' వేసుకుంటే తప్పులు మాత్రమే సరిచేస్తుంది. 'ప్లస్' వేసుకుంటే ఫైళ్లలో వాడకుండా వదిలేసిన సన్నివేశాలను, వస్తువులను కూడా తెచ్చి కలుపుతుంది. ఏది అసలుదో, ఏది తన చెయ్యో ఆడేవాడికి చెప్పి మరీ ఇస్తాడు. ఈ మర్యాద కోట్ల బడ్జెట్ కంపెనీలకు లేదు.

'స్టార్ వార్స్' ఆటల్లో 'నైట్స్ ఆఫ్ ది ఓల్డ్ రిపబ్లిక్ 2' కథా అదే. క్రిస్మస్ బేరానికి తొందరపడి చివరి భాగాలు కోసేశారు. కోసిన ముక్కలు మాత్రం డిస్కులోనే పడి ఉన్నాయి: నటులు చెప్పిన సంభాషణలు, సగం రాసిన స్క్రిప్టులు. కొందరు మాడర్లు వాటిని ఏరుకుని, ఏ మాట ఏ మాట తర్వాత రావాలో తాళపత్రాలు పరిష్కరించే పండితుల్లా పోల్చి చూసి, తిరిగి అతికారు. సొంత కవిత్వం కలపకుండా పరిష్కరించడం ఎంత కష్టమో పండితులనడగండి.

ఇక 'స్కైరిమ్'. 2011లో వచ్చిన ఈ ఆట లేకుండా మాడ్ల మాట పూర్తికాదు. మౌసు పట్టేవాళ్లను మరిచిపోయి చేసిన మెనూలను 'స్కై యూఐ' బాగుచేసింది. నిక్ పియర్స్ అనే ఆయన చేసిన 'ఫర్‌గాటెన్ సిటీ' మాడ్‌కు ఆస్ట్రేలియా రచయితల సంఘం అవార్డు ఇచ్చింది. 2021లో అది సొంతకాళ్ల మీద నిలబడిన ఆటగా వచ్చింది. ఎంత బలమైన మాడ్లున్నా వాటిని పేర్చడమే ఒక విద్య. రెండు మాడ్లు ఒకే తలుపును మారిస్తే వరసలో చివరున్నదే నెగ్గుతుంది. ఆ ఆటలో ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకెలో మొదటి రెండు స్థానాలు అది ఏ ఫైలుదో చెప్పడానికి. పదహారు అంకెల హెక్సా లెక్కలో రెండు స్థానాలకు 256 దాటి పట్టవు. అందులో ఒకటి ఆట తనకే ఉంచుకుంటుంది. కాబట్టి 2011 నాటి ఆటలో 255 దగ్గర గోడ. అందుకే మాడర్లు చిన్న చిన్నవాటిని కలిపి ఒకటిగా కుట్టడం నేర్చుకున్నారు.

ఇప్పుడు మా మేనల్లుడి సంగతి. మొన్న సంక్రాంతికి వచ్చాడు. లక్ష పైచిలుకు పెట్టి కంప్యూటర్ కట్టించుకున్నాడు. "మామయ్యా, స్కైరిమ్ చూడు, సినిమాలా ఉంటుంది" అని పిలిచాడు. ఒక్క మీట నొక్కితే వందల మాడ్లు వాటంతట అవే దిగే జాబితా వేసుకున్నాడు. నిజమే, గడ్డిపోచ గడ్డిపోచకూ నీడ. రాతి మీద నాచు. అందరు ఆడవాళ్లకూ ఒకే ఫేస్ క్రీము వాణిజ్య ప్రకటన ముఖం. చలికి పగిలిన బుగ్గలతో, ముడతలతో, ఉత్తరదేశపు పల్లెటూరి మనుషులుండే ఆట అది. "ఒరేయ్, కథ ఎంతవరకు వచ్చింది?" అన్నాను. "ఇంకా మొదలెట్టలేదు, ఎండ సరిచేస్తున్నా" అన్నాడు. మూడు రోజులున్నాడు. ఎండ సరిచేస్తూనే ఉన్నాడు.

వాణ్ణి నేనేమీ అనలేదు. కోపం వాడి మీద కాదు. పాత ఆట టెక్స్‌చర్లన్నిటినీ, అంటే గోడలకూ నేలకూ అతికించే బొమ్మలను, ఏఐకి తినిపించి నాలుగింతలు చేసి, "రీమాస్టర్" అని పేరు పెట్టి వదిలేవాళ్ల మీద. పాత ఆటల్లో గోడబొమ్మ గీసినవాడు వెలుతురునూ నీడనూ అందులోనే చేత్తో వేసేవాడు; ఎండ ఎడమ నుంచి పడితే ఇటుక కుడి అంచు నల్లగా ఉంటుంది. దాని మీద ఇప్పుడు కొత్త రకం లైటింగ్ వేస్తే ఒక్కో ఇటుకకు రెండు నీడలు. ఏఐ పెంచిన బొమ్మలో ఇటుక ఇటుకలా ఉండదు, మరకకు రంధ్రాలు పుడతాయి, బోర్డు మీద అక్షరం ఏ భాషకూ చెందదు. ఒక్కో బొమ్మనూ పక్కన పెట్టుకుని చేత్తో మళ్లీ గీసే మాడర్‌కు ఏళ్లు పడుతుంది. ఆయన పని అడుగున పోతుంది, సాయంత్రంలోపు తయారైన ఈ సరుకు పైన తేలుతుంది.

మన దగ్గరైతే ఇంకో అవమానం. ఇక్కడ పిల్లల్ని అడిగితే మాడ్ అంటే 'మాడ్ ఏపీకే'. కాయిన్లు అపరిమితం, ప్రకటనలు ఉండవు, ఎక్కణ్నుంచో దింపుకున్న దొంగ ఫైలు. లోపల ఏ వైరస్ ఉందో ఎవరికెరుక. స్పాల్ చేసినదానికీ దీనికీ ఒకే పేరు! కలంకారీ అనే మాటను మిల్లు ప్రింటు మీద అచ్చేసి అమ్మినట్టు.

డబ్బు మాటా రావాలి. 2015 ఏప్రిల్ 23న వాల్వ్, స్కైరిమ్ చేసిన బెథెస్డా కలిసి ఆ ఆట మాడ్లను అమ్మకానికి పెట్టాయి. ధరలో చేసినవాడికి 25 శాతం. నాలుగు రోజుల్లో గోల తట్టుకోలేక మూసేశారు. జనం గెలిచారని అప్పట్లో చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. పనివాడికి కూలి ఇవ్వడంలో తప్పేముంది? పావలా ఇచ్చి ముప్పావలా ఉంచుకోవడమే తప్పు. ఆ గొడవలో మాడర్లనే తిట్టినవాళ్లు, వాళ్ల మాడ్లు అంతకుముందు ఏళ్ల తరబడి ఉచితంగా వాడుకున్నవాళ్లే.

కంపెనీలు కొత్త మెరుగులు దిద్దిన ప్రతిసారీ దెబ్బ తినేదీ మాడర్లే. 'ఫాల్అవుట్ 4' మీద లండన్ నగరాన్నంతా కట్టిన 'ఫాల్అవుట్: లండన్' జట్టు 2024 ఏప్రిల్ 23న విడుదల పెట్టుకుంది. దానికి రెండు రోజుల తర్వాత అసలు ఆటకు కొత్త తరం అప్‌డేట్ రాబోతోందని కబురు. అది వస్తే పునాది మారిపోతుంది. పాపం జూలై దాకా ఆగారు.

గ్రాఫిక్స్ అంటే నాకు ద్వేషమని రాసేయకండి. 'బ్లాక్ మెసా' చూడండి. 1998 నాటి హాఫ్ లైఫ్‌ను అభిమానులు మొదటినుంచి కట్టి 2020లో ముగించారు. అసలు ఆటలో నీరసంగా ఉన్న చివరి లోకాన్ని వీళ్లు ఎంత అందంగా పెంచారో! అక్కడ వెలుతురు దారి చూపిస్తుంది. గ్రాఫిక్స్ ఎంత ఎక్కువన్నది నాకు పట్టదు. ఎవరి చేతిలో ఉంది, ఆ చెయ్యి ముందు అసలు ఆటను చదివిందా లేదా అన్నదే పడుతుంది.

కాబట్టి రెండు మనవులు. మొదటిది పాఠకులకు. ఏ పాత ఆటైనా మొదటిసారి ఆడేటప్పుడు తప్పులు సరిచేసే ప్యాచ్ తప్ప ఇంకేమీ వెయ్యకండి. ఒకసారి ఉన్నదున్నట్టు చూసి, తర్వాత మీ ఇష్టం. మాడ్ నచ్చితే చేసినవాళ్లకు ఒక ముక్క రాయండి, పదో పరకో పంపండి.

రెండోది మన కుర్రాళ్లకు. కోడ్ రాసేవాళ్లకు హైదరాబాదులో కొదవ లేదు. పాత ఆటలకు తెలుగు సబ్‌టైటిళ్ల మాడ్లు చెయ్యండి. తేలిక కాదు. ఆ ఇంజిన్లు ఒక అక్షరానికి ఒక బొమ్మ చొప్పున వరసగా పేర్చడమే ఎరుగుదుం అంటాయి. మన 'స్త్రీ' కంప్యూటర్ లెక్కలో ఆరు ముక్కలు. వరసగా పేరిస్తే పొల్లులు, ఒత్తులు విడివిడిగా రాలిపడతాయి. డురాంటేలా నడుమ ఒకడు కూచుని, ఆ ఆరింటినీ కలిపి ఒక్క బొమ్మగా ఆటకు అందించాలి. ఏ ఆట తెర మీదైనా ఆ అక్షరాన్ని విరగకుండా నిలబెట్టినవాళ్లు ఈ పత్రిక చిరునామాకు నాకొక ఉత్తరం రాయండి. మొదటి ఆట నేను ఆడతాను.